హైదరాబాద్ నుంచి శ్రీనగర్‌కి స్నేహితులతో కారులో: 16 రోజుల ప్రయాణానికి సమగ్ర మార్గదర్శి

మేడ్చల్ వైపు ఎప్పుడు వెళ్లినా రోడ్డు పక్క బోర్డు మీద 44 అనే అంకె కనిపిస్తుంది. కన్యాకుమారి నుంచి శ్రీనగర్ దాకా దాదాపు 3,700 కిలోమీటర్లు సాగే జాతీయ రహదారి నంబరు అది. కూకట్‌పల్లిలోనో ఉప్పల్‌లోనో ఉండే నలుగురు స్నేహితులు ఈ రోడ్డు ఎక్కి ఉత్తరానికి తిరిగితే, ఢిల్లీ దగ్గర చిన్న మలుపు తప్ప, అదే నంబరు పట్టుకుని శ్రీనగర్ చేరొచ్చు. మన దగ్గర నుంచి ఇంచుమించు 2,400 కిలోమీటర్లు.

నేను ఈ దారిలో స్నేహితులతో మూడుసార్లు వెళ్లొచ్చాను. ఇంత దూరంలో నేను నిజంగా భయపడేది అలసిపోయిన డ్రైవర్‌కి. రోడ్డు బాగుంటుంది, దారి తెలిసిపోతుంది, హోటల్ ఎక్కడో ఒక చోట దొరుకుతుంది. స్టీరింగ్ ముందు కూర్చున్న మనిషి కళ్లు మూతపడితే మాత్రం ఇవేవీ కాపాడవు. అందుకే కింద చెప్పిన ప్రతి నిర్ణయం, డబ్బుల లెక్కతో సహా, ఆ మనిషిని దృష్టిలో పెట్టుకుని తీసుకున్నదే.

1. ముందు మనుషుల్ని కుదుర్చుకోండి

ఐదు సీట్ల కారులో నలుగురే వెళ్లండి. ఐదో మనిషి ఎక్కితే వెనక మధ్యలో కూర్చున్నవాడికి నిద్ర ఉండదు. నిద్ర లేనివాడు తర్వాత బండి నడపలేడు. డిక్కీలో పట్టని బ్యాగులు కాళ్ల దగ్గరికి వస్తాయి. "సర్దుకుందాం మామా" అనే మాట మొదటి రోజు బాగానే ఉంటుంది, నాలుగో రోజుకి అందరి ముఖాలూ మారిపోతాయి.

నలుగురిలో కనీసం ముగ్గురికి హైవే మీద నడిపిన అలవాటు ఉండాలి. లైసెన్స్ ఉండటం ఒక్కటే సరిపోదు. వెళ్లే ముందు ఒక ఆదివారం అందరూ కలిసి అదే కారులో నిర్మల్ దాకా వెళ్లి రండి. పోను రాను దాదాపు 450 కిలోమీటర్లు. ఎవరు లేన్ మార్చేటప్పుడు అద్దం చూడరో, ఎవరు ఫోన్ పట్టుకుంటారో, ఎవరికి వెనక సీట్లో కడుపులో తిప్పుతుందో ఆ ఒక్క రోజులో తెలిసిపోతుంది. నడపడం రానివాడు ఉంటే ఫరవాలేదు. దారి చూడటం, హోటళ్లకి ఫోన్ చేయడం, లెక్కలు రాయడం అతనికి అప్పజెప్పండి. మా బండిలో నడపని స్నేహితుడే అందరికన్నా ఎక్కువ పని చేశాడు.

బయలుదేరక ముందే నలుగురూ కూర్చుని మూడు విషయాలు తేల్చుకోవాలి: చీకటి పడ్డాక బండి నడపం, మందు తాగినవాడు మర్నాడు పొద్దున స్టీరింగ్ పట్టడు, ఎవరికి ఒంట్లో బాగోలేకపోయినా ఆ రోజు ప్రయాణం ఆగుతుంది. ఇవి ముందు ఒప్పుకోనివాళ్లు ఎంత దగ్గరి స్నేహితులైనా ఈ ప్రయాణానికి వద్దు. రోడ్డు మీద పెట్టుకునే వాదన కన్నా ఇంట్లో చెప్పే "కాదు" మేలు.

2. ఎప్పుడు వెళ్లాలి

సెప్టెంబరు చివరి వారం నుంచి అక్టోబరు నెలాఖరు లోపు. దసరా సెలవులు కలిసొస్తే పెట్టాల్సిన లీవులు కూడా తగ్గుతాయి. మే నెలలో నాగపూర్, ఝాన్సీ ఎండలు 45 డిగ్రీలకి చేరతాయి, ఏసీ పెట్టుకున్నా టైర్లు, ఇంజన్ అల్లాడతాయి. జులై, ఆగస్టుల్లో జమ్ము–శ్రీనగర్ మధ్య, ముఖ్యంగా రాంబన్ చుట్టుపక్కల, కొండచరియలు విరిగిపడి రోడ్డు రోజుల తరబడి మూసేస్తారు. డిసెంబరు, జనవరిల్లో ఆగ్రా నుంచి పంజాబ్ దాకా పొగమంచు. పది అడుగుల ముందు లారీ కూడా కనపడని ఉదయాలుంటాయి. ఆ మంచులో నడపొద్దని గట్టిగా చెబుతాను. నవంబరు మొదట్లో కోసిన వరి దుబ్బులు తగలబెట్టిన పొగ పంజాబ్, హర్యానా, ఢిల్లీల మీద కమ్ముకుంటుంది.

శనివారం తెల్లవారుజామున బయలుదేరితే పదహారో రోజు ఆదివారం అవుతుంది. ఆఫీసుకి పది పనిదినాల సెలవు చాలు. ఈ లెక్కలో ఇంకో లాభం, తాజ్‌మహల్ చూడాల్సిన రోజు మంగళవారం వస్తుంది. శుక్రవారం తాజ్ మూసి ఉంటుంది కాబట్టి బయలుదేరే వారం మార్చుకునేవాళ్లు ఇది చూసుకోవాలి.

3. డబ్బు: గొడవ ముందే తీర్చుకోండి

పోను రాను 4,800, కశ్మీర్‌లో తిరగడానికి 400, మొత్తం 5,200 కిలోమీటర్లు. లీటరుకి 15 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోల్ బండికి సుమారు 347 లీటర్లు. రాష్ట్రాన్ని బట్టి ధర మారుతుంది, లెక్క కోసం లీటరు 105 రూపాయలు అనుకుంటే 36,400 రూపాయలు. మనిషికి 9,100.

పదిహేను రాత్రులు, రెండేసి గదులు, గదికి సగటున 2,000 పెట్టుకుంటే మనిషికి 15,000. తిండికి రోజుకి 700 చొప్పున 11,200. కశ్మీర్‌లో షికారా పడవలు, స్థానిక టాక్సీలు, గుర్రాల ఖర్చు 5,000. టోల్ వాటా వెయ్యి లోపే, ఎలాగో కింద చెబుతాను. మొత్తం తలా 41,000 దాకా అవుతుంది. దీని పైన మనిషికి 6,000 చొప్పున విడిగా పక్కన పెట్టండి. అది బండి చెడితే, ఎవరైనా జబ్బు పడితే, రోడ్డు మూసేసి ఒక రోజు ఎక్కువ ఉండాల్సి వస్తే వాడే డబ్బు. షాపింగ్‌కి ముట్టుకోకూడదు.

బయలుదేరే ముందే ఒక్కొక్కరూ 20,000 ఒకరి ఖాతాలో వేయండి, అది అయిపోవస్తే మిగతా వాటా వేయండి. పెట్రోల్, గదులు, భోజనం ఆ ఖాతా నుంచే. సిగరెట్లు, మందు, శాలువాలు ఎవరివి వాళ్లవి. ప్రతి రాత్రి పడుకునే ముందు ఐదు నిమిషాలు లెక్క చదవాలి. "తర్వాత చూసుకుందాం" అంటూ 16 రోజులు నెట్టుకొస్తే ఏ టీ ఎవరు కొన్నారో ఎవరికీ గుర్తుండదు, మాట మాత్రం మిగిలిపోతుంది.

బండి ఎవరిదో అతని సంగతి కూడా ఆలోచించండి. టైర్ల అరుగుదల, సర్వీసింగ్ అతని మీదే పడతాయి. మేము వెళ్లే ముందు సర్వీసింగ్, వచ్చాక వీల్ అలైన్‌మెంట్ ఉమ్మడి ఖాతాలోంచి కట్టాం. అడగడానికి అతను మొహమాటపడతాడు కాబట్టి మిగతా ముగ్గురే ముందు ఎత్తాలి.

4. బండిని సిద్ధం చేయడం

సర్వీసింగ్ పది రోజుల ముందు చేయించండి. ముందు రోజు కాదు. దీనికి నా దగ్గర గట్టి కారణం ఉంది. మొదటిసారి మేము బయలుదేరే ముందు రోజు సాయంత్రం ఒక వర్క్‌షాప్ నుంచి బండి తెచ్చుకున్నాం. కామారెడ్డి దాటగానే ఇంజన్ వేడి ముల్లు పైకి లేచింది. కూలెంట్ గొట్టానికి వేసిన క్లిప్పు సరిగ్గా బిగించలేదు. రోడ్డు పక్క మెకానిక్ పావుగంటలో బిగించాడు, కానీ బండి చల్లారేదాకా రెండు గంటలు పోయాయి, ఆ రోజు నాగపూర్ చేరేసరికి రాత్రి అయింది. బాగుచేసిన బండిలో లోపం ఉంటే మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లలోనే బయటపడుతుంది. ఆ కిలోమీటర్లు నగరంలోనూ, నిర్మల్ ట్రయల్‌లోనూ పూర్తవ్వాలి.

టైర్ల దగ్గర పిసినారితనం వద్దు. పక్క గోడ మీద డాట్ (DOT) అనే అక్షరాల తర్వాత చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2321 అని ఉంటే 2021లో 23వ వారంలో తయారైందని అర్థం. ఐదేళ్లు దాటితే, గాడులు బాగున్నట్టు కనిపించినా, ఈ ప్రయాణానికి ముందు మార్చేయండి. గాడి లోతు చట్టం ప్రకారం 1.6 మిల్లీమీటర్లకి తగ్గకూడదు, కొండ దారికి అంతకన్నా ఎక్కువే ఉండాలి. నలుగురు, నలుగురి సామాన్లు ఉన్నప్పుడు గాలి ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు పక్కన అతికించిన పట్టీ మీద రాసి ఉంటుంది. పొద్దున బండి కదలక ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలి.

ఇప్పుడు స్టెప్నీ. అందులో గాలి ఉందా అని చూడటంతో ఆగొద్దు. మీ అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో నలుగురూ నిలబడి ఒక టైరు నిజంగా విప్పి, మళ్లీ బిగించండి. రెండోసారి వెళ్లినప్పుడు హింగన్‌ఘాట్ దగ్గర పంచర్ అయితే, అలాయ్ వీల్ బోల్టులకి మా స్పానర్ సరిపోలేదు. ఒక లారీ డ్రైవర్ ఆగి, తన పనిముట్లతో విప్పి ఇచ్చాడు. డబ్బు ఇస్తే తీసుకోలేదు. ఆయన ఆగకపోతే ఆ రాత్రి ఏమయ్యేదో!

మెకానిక్ దగ్గర బ్రేక్ ప్యాడ్లు, కూలెంట్, బెల్టులు, వైపర్లు, హెడ్‌లైట్లు అడిగి చూపించుకోండి. బ్యాటరీ మూడేళ్లు దాటితే పరీక్ష చేయించండి, చలి ప్రాంతంలో తెల్లవారుజామున అది మొరాయిస్తుంది. బండిలో పంచర్ కిట్, గాలి కొట్టే చిన్న కంప్రెసర్, జంపర్ కేబుల్స్, టార్చిలైటు, ఎర్ర త్రికోణం, లాగే తాడు ఉండాలి.

అద్దె కారు తీసుకునేవాళ్లకి ఒక మాట. సెల్ఫ్ డ్రైవ్ అద్దెకి చట్టబద్ధంగా నడిచే బండ్లకి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉంటాయి. తెల్ల ప్లేటు బండిని అద్దెకి తీసుకుని ఇన్ని రాష్ట్రాలు దాటడం మంచిది కాదు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ చిక్కుల్లో పడుతుంది.

5. కాగితాలు, ఫాస్టాగ్, ఫోన్

ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, నడిపే అందరి లైసెన్సులు డిజీలాకర్‌లో ఉంచండి, అది అన్ని రాష్ట్రాల్లో చెల్లుతుంది. అయినా సిగ్నల్ లేని చోట్ల కోసం జిరాక్స్ కాపీలు డ్యాష్‌బోర్డులో పెట్టండి. ఇన్సూరెన్స్ కాగితం ఒకసారి పూర్తిగా చదవండి. ఈ మధ్య నడిపిన కిలోమీటర్లకే ప్రీమియం కట్టే పాలసీలు చాలామంది తీసుకుంటున్నారు. మీదీ అలాంటిదైతే 5,200 కిలోమీటర్లకి పరిమితి చాలుతుందో లేదో చూసి, చాలకపోతే ముందే పెంచుకోవాలి. బండి చెడితే ఎన్ని కిలోమీటర్ల దాకా ఉచితంగా లాక్కెళతారో కూడా అందులోనే ఉంటుంది.

టోల్ ఖర్చు తగ్గించేది ఫాస్టాగ్ వార్షిక పాస్. 2025 ఆగస్టు 15న మొదలైనప్పుడు దాని ధర 3,000 రూపాయలు. సొంత కార్లకి మాత్రమే ఇస్తారు. ఏడాది పాటు లేదా 200 ట్రిప్పుల దాకా, ఏది ముందైతే అది, జాతీయ రహదారుల టోల్‌గేట్ల దగ్గర చెల్లుతుంది. రాజ్‌మార్గ్‌యాత్ర యాప్‌లో తీసుకోవచ్చు. మన ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద, ఆగ్రా దగ్గరి యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద చెల్లదు, కాబట్టి ఫాస్టాగ్‌లో మామూలు బ్యాలెన్స్ కూడా ఉంచండి. బ్యాలెన్స్ లేకపోతే ఎక్కువ కట్టాల్సి వస్తుంది.

ఫోన్ విషయంలో చాలామంది ఇబ్బంది పడేది జమ్ము కశ్మీర్ సరిహద్దు ఊరు లఖన్‌పూర్ దాటాక. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్ము కశ్మీర్‌లో పనిచేయవు. నలుగురిలో కనీసం ఇద్దరికి, వేర్వేరు కంపెనీల పోస్ట్‌పెయిడ్ ఉండాలి. మార్చుకోవడానికి సమయం పడుతుంది, నెల ముందే మొదలుపెట్టండి. దారి మ్యాపులు డౌన్‌లోడ్ చేసి ఉంచుకోండి. జాతీయ రహదారి సహాయానికి 1033, ఏ అత్యవసరానికైనా 112.

ఢిల్లీ ప్రాంతంలో గాలి పాడైన రోజుల్లో పాత కాలుష్య ప్రమాణాల కార్ల మీద, అంటే బీఎస్-3 పెట్రోల్, బీఎస్-4 డీజిల్ బండ్ల మీద ఆంక్షలు పెడతారు. పాత బండి అయితే బయలుదేరే వారం ఆ వార్తలు చూడండి.

6. సర్దుకోవడం

మనిషికి ఒక్క బ్యాగు, అదీ మెత్తటిది. గట్టి సూట్‌కేసులు డిక్కీలో ఒదగవు. అక్టోబరులో శ్రీనగర్ రాత్రులకి స్వెటర్, జాకెట్ ఉండాలి.

తిండి మాత్రం మనసు పెట్టి సర్దండి. మొదటి రోజుకి పులిహోర, ఆ తర్వాతకి సకినాలు, మురుకులు, వేయించిన పల్లీలు. ఆవకాయ సీసా మూత చుట్టూ టేపు వేసి, రెండు కవర్లలో పెట్టండి, లేకపోతే కారంతా నూనె. మూడో రోజుకి రొట్టెలు, పనీర్ మొహం మొత్తి అన్నం మీద ప్రాణం లాగుతుంది. అప్పుడు ధాబాలో తెల్లన్నం, పప్పు చెప్పుకుని ఆవకాయ కలుపుకుంటే ఆ పూటకి ఇల్లు గుర్తొస్తుంది. కందిపొడి కూడా ఒక పొట్లం తీసుకెళ్లండి.

మందుల్లో ఓఆర్‌ఎస్, పారాసెటమాల్, విరేచనాల మందు, వాంతుల మాత్రలు. వాంతుల మాత్రలు చాలావరకు మత్తు తెస్తాయి, ఆ రోజు నడిపేవాడు వేసుకోకూడదు.

7. రోజువారీ దారి

మొదటి రోజు, నాగపూర్, దాదాపు 500 కిలోమీటర్లు. ముందు రాత్రి నలుగురూ ఒకే ఇంట్లో పడుకోండి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకరిని, మియాపూర్‌లో ఒకరిని ఎక్కించుకుంటూ పోతే ఊరు దాటేసరికే ఏడవుతుంది. ఐదింటికి బయలుదేరి, ఓఆర్‌ఆర్ మీద కండ్లకోయ దగ్గర దిగితే నేరుగా 44 మీదకి వస్తారు. సోన్ దగ్గర గోదావరి దాటి నిర్మల్‌లో టిఫిన్. కొయ్యబొమ్మలు తిరుగు ప్రయాణంలో కొనండి, ఇప్పుడు డిక్కీలో చోటు లేదు. ఆదిలాబాద్ దాటాక పెన్‌గంగ వస్తుంది, అవతల మహారాష్ట్ర. ఇక్కడి నుంచి మన హైదరాబాదీ హిందీయే ఆధారం. విదర్భలో "నక్కో" అంటే ఇట్టే అర్థం చేసుకుంటారు, మరాఠీలోనూ అదే మాట ఉంది.

రెండో రోజు, సాగర్, సుమారు 400 కిలోమీటర్లు. పొద్దున నాగపూర్‌లో తర్రీ పోహా తినండి. అటుకుల మీద శనగల కారం రసం పోసి ఇస్తారు, మన నాలుకకి సరిగ్గా సరిపోతుంది. ఊరు దాటి సివనీ వైపు వెళుతుంటే పెంచ్ పులుల అడవి. రోడ్డుని స్తంభాల మీద ఎత్తి కట్టారు, కింద నుంచి జంతువులు దాటతాయి. రెండు పక్కలా శబ్దం, వెలుతురు అడవిలోకి పోకుండా గోడలు. అక్కడ ఆగడం, దిగడం వద్దు. ఆ తర్వాత లఖ్నాదౌన్, నర్సింగ్‌పూర్, బర్మాన్ దగ్గర నర్మద. చాలామంది ఆ రోజే ఝాన్సీ దాకా, అంటే ఇంకో 200 కిలోమీటర్లు లాగుతారు. మేమూ మొదటిసారి అదే అనుకున్నాం. సివనీ దాటాక మధ్యాహ్నం రెండున్నరకి, నిండుగా భోంచేసి నడుపుతున్న స్నేహితుడి కళ్లు ఒక్క క్షణం మూతపడ్డాయి. టైరు పక్క గీత మీది గరుకు గట్లు ఎక్కి బర్రుమని చప్పుడు వచ్చింది కాబట్టి బతికాం. ఆ రోజు నుంచి సాగర్ దాటి వెళ్లకూడదని నిర్ణయించుకున్నాం.

మూడో రోజు, ఆగ్రా, 420 కిలోమీటర్ల దాకా. ఈ ఒక్క రోజులో మధ్యప్రదేశ్ నుంచి ఉత్తరప్రదేశ్, మళ్లీ మధ్యప్రదేశ్, మోరెనా దాటాక చంబల్ వంతెన మీద రాజస్థాన్, ధోల్‌పూర్ తర్వాత మళ్లీ ఉత్తరప్రదేశ్. చంబల్ లోయలు కిటికీలోంచే చూడండి, వంతెన మీద ఫొటోలకి ఆపొద్దు. గ్వాలియర్ కోట చూడాలంటే సాగర్ నుంచి ఐదింటికే కదలాలి.

నాలుగో రోజు, పొద్దున్నే తాజ్‌మహల్ చూసి పదింటికి బయలుదేరి కర్నాల్, 360 కిలోమీటర్లు. ఢిల్లీ లోపలికి వెళ్లకండి. పల్వల్ దగ్గర తూర్పు పెరిఫెరల్ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే 135 కిలోమీటర్లలో కుండ్లీ దగ్గర మళ్లీ 44 మీద దిగుతారు. వెంటనే ముర్తల్, వెన్న ముద్దలు వేసిన పరాఠాలు. నడిపేవాడు ఒక్కటే తినాలి.

ఐదో రోజు, జమ్ము, 475 కిలోమీటర్ల దాకా. అంబాలా, లూధియానా, జలంధర్, పఠాన్‌కోట్ మీదుగా రోడ్డు చదునుగా ఉంటుంది. దూరం కన్నా ఊళ్ల దగ్గర రద్దీ, అడ్డంగా వచ్చే ట్రాక్టర్లే ఆలస్యం చేస్తాయి. అమృత్‌సర్ స్వర్ణదేవాలయం చూడాలనుంటే జలంధర్ నుంచి 80 కిలోమీటర్లు. తిరుగు దారిలో మిగులు రోజు ఉంటేనే పెట్టుకోండి.

ఆరో రోజు, శ్రీనగర్. దూరం 250 కిలోమీటర్ల పైనే, అయినా రోజంతా దీనికే ఉంచండి. ముందు రాత్రి జమ్ము కశ్మీర్ ట్రాఫిక్ పోలీసుల సూచన చూడకుండా బండి తీయొద్దు. ఏ వైపు వాహనాలు వదులుతారో, రోడ్డు మూశారో అందులో ఉంటుంది. ఐదింటికి బయలుదేరండి. ఉధంపూర్ తర్వాత చెనానీ–నాశ్రీ టన్నెల్ 9 కిలోమీటర్ల పైన ఉంటుంది. 2017లో తెరిచారు, పట్నీటాప్ చుట్టూ తిరిగే పాత కొండ దారి దీంతో తప్పింది. బయటపడ్డాక పీడా అనే ఊరి దగ్గర రాజ్మా అన్నం తినండి. నెయ్యి, దానిమ్మ గింజల పచ్చడితో ఇస్తారు. ఆరు రోజులుగా అన్నం కోసం వెతుకుతున్న మనకి అది పండగ. రాంబన్ ప్రాంతం జాగ్రత్తగా దాటి, 2021లో తెరిచిన బనిహాల్–కాజీగుండ్ టన్నెల్‌లో ఎనిమిదిన్నర కిలోమీటర్లు వెళ్లి బయటికి వస్తే కశ్మీర్ లోయ. ఆ వెలుతురు చూసి మా బండిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. సంగమ్ చుట్టుపక్కల రోడ్డు పొడుగునా క్రికెట్ బ్యాట్ల దుకాణాలు, అవంతీపురాలో తొమ్మిదో శతాబ్దపు ఆలయ శిథిలాలు, పాంపోర్‌లో కుంకుమపువ్వు పొలాలు. అక్టోబరు చివర వెళితే పొలాల్లో ఊదా రంగు పూలు కనిపిస్తాయి.

8. రోడ్డు మీద పాటించాల్సినవి

రెండు గంటలకోసారి డ్రైవర్ మారాలి. "నాకేం అలసట లేదు" అన్నా మారాలి. అలసట మొదట తెలియకుండా పోయేది ఆ నడిపే మనిషికే. రోజుకి ఒకరు రెండు విడతలకి మించి నడపకూడదు. ముందు పక్క సీట్లో కూర్చున్నవాడికి నిద్రపోయే హక్కు లేదు, నిద్రొస్తే వెనక్కి వెళ్లి ఇంకొకరిని పంపాలి.

మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి మూడున్నర మధ్య ఒంటికి సహజంగానే మగత వస్తుంది. ఆ సమయంలో నడిపేవాడు తేలికగా తినాలి, మిగతావాళ్లు ఎలా తిన్నా సరే. మగత వస్తే కిటికీ తీయడం, పాట గట్టిగా పెట్టడం పనిచేయవు. పెట్రోల్ బంకులో బండి ఆపి, సీటు వాల్చి ఇరవై నిమిషాలు పడుకోండి. అందరూ ఓపిగ్గా కూర్చోండి, ఎవరూ ఏమీ అనకూడదు.

సాయంత్రం ఆరుకల్లా హోటల్‌లో ఉండాలి. రాత్రి హైవే మీద లైట్లు లేకుండా ఆగిన లారీలు, ఎదురుగా తప్పు దారిలో వచ్చే ట్రాక్టర్లు, మధ్యప్రదేశ్‌లో రోడ్డు మీదే పడుకున్న ఆవులు. ఎంత అనుభవం ఉన్నా వీటిని ముందే చూడలేం. నాలుగు వరుసల జాతీయ రహదారి మీద కార్లకి గరిష్ఠంగా 100 కిలోమీటర్లు, రాష్ట్రాలు కొన్నిచోట్ల తగ్గిస్తాయి. 85 మీద నడిపితే డ్రైవర్ ఒళ్లు తేలికగా ఉంటుంది, పెట్రోల్ కూడా మిగులుతుంది. వెనక కూర్చున్నవాళ్లూ బెల్టు పెట్టుకోవాలి. ఇది చట్టం కూడా.

కొండ దిగేటప్పుడు బ్రేకు మీద కాలు అలాగే ఉంచితే అది వేడెక్కి పట్టు వదిలేస్తుంది. రెండో మూడో గేరులో దిగండి. టన్నెల్‌లో హెడ్‌లైట్లు వేసి, లేన్ మారకుండా, ముందు బండికి దూరంగా ఉండండి. ఆ రోడ్డు మీద సెప్టెంబరు, అక్టోబరుల్లో ఆపిల్ లారీలు బారులు తీరుతాయి. హారన్ కొట్టినా అవి ఎక్కడికీ తప్పుకోలేవు, నిదానంగా వెనకే వెళ్లండి.

ఎవరైనా ఆపమంటే పది నిమిషాల్లో ఆపాలి, కారణం అడగకూడదు. మధుమేహం ఉన్న స్నేహితుడికో, కడుపు బాగోలేనివాడికో ఆ కారణం చెప్పుకోవడం కష్టంగా ఉంటుంది. రోజుకి ఒక గంట పాటలు ఆపేసి మౌనంగా వెళ్లడం కూడా మాకు బాగా పనికొచ్చింది. ఇంటివాళ్లకి లైవ్ లొకేషన్ పెట్టండి, రాత్రి చేరాక ఒక ఫోన్ చేయండి. అమ్మకి మెసేజ్ సరిపోదు, గొంతు వినాలి.

9. కశ్మీర్‌లో

మూడు రోజులు తిరగడానికి, ఒకటి మిగులు. శ్రీనగర్ ఎత్తు దాదాపు 1,585 మీటర్లే కాబట్టి ఊపిరి ఇబ్బంది ఉండదు. హౌస్‌బోట్ బుక్ చేసే ముందు కారు ఎక్కడ పెట్టాలో అడగండి, పడవ దగ్గరికి షికారాలోనే వెళతారు, బండి రాత్రంతా ఒడ్డున ఉంటుంది. గుల్‌మర్గ్, సోన్‌మర్గ్‌లకి వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత కొన్ని ప్రదేశాలు మూసి, విడతలవారీగా తెరిచారు. కాబట్టి ఏది తెరిచి ఉందో హోటల్‌వాళ్లనీ పోలీసులనీ అడిగే కదలండి. సైన్యం కాన్వాయ్ వస్తే పక్కకి తప్పుకోండి, ఫొటోలు తీయొద్దు. మొదటిసారి వెళ్లేవాళ్లు జోజిలా కనుమ దాటి లద్దాఖ్ వైపు ఆలోచించకండి. మిగులు రోజు రోడ్డు మూసినప్పటికోసం, దాన్ని ముందే ఖర్చు చేసుకోవద్దు.

10. తిరుగు ప్రయాణం

అందరూ వెళ్లేదాకా ప్లాన్ వేస్తారు, రావడం గురించి ఎవరూ వేయరు. ఒళ్లు పూర్తిగా అలిసిపోయి ఉండేది, ఇంటి మీద బెంగతో బండి తొందరపడేది ఈ ఆరు రోజుల్లోనే. తాజ్ లేదు కాబట్టి విడుదులు మారతాయి: జమ్ము, కర్నాల్, గ్వాలియర్, నర్సింగ్‌పూర్, ఆదిలాబాద్. ఏ రోజూ 500 కిలోమీటర్లు దాటదు. జమ్ములో ఒకసారి, నాగపూర్ దాటే ముందు ఒకసారి టైర్ల గాలి, ఇంజన్ ఆయిల్ చూడండి.

నర్సింగ్‌పూర్ నుంచి ఆదిలాబాద్ చేరేసరికి సాయంత్రం అవుతుంది. పెన్‌గంగ దాటగానే తెలుగు బోర్డులు మొదలవుతాయి. బండిలో అందరికీ ఒక్కసారిగా హుషారొస్తుంది, "ఇంకో 300 కిలోమీటర్లేగా, ఐదు గంటల్లో ఇంట్లో ఉంటాం" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఒప్పుకోకండి. ఆదిలాబాద్‌లో గది ముందే బుక్ చేసి, డబ్బు కట్టేసి ఉంచండి, అప్పుడు మనసు మార్చుకోవడం కష్టమవుతుంది. వేడివేడి అన్నం తిని, ఉమ్మడి ఖాతా లెక్క ఆ రాత్రే పూర్తిగా తేల్చుకుని పడుకోండి. పొద్దున ఆరింటికి బయలుదేరి, నిర్మల్‌లో ఇంటివాళ్లకి బొమ్మలు కొనుక్కుని, మధ్యాహ్నం భోజనం వేళకి మేడ్చల్ దాటుతారు.